కర్రే కదా అన్న కుర్రాడు

కడియం మండలంలో కాలవ గట్టు పక్కన ఒక చిన్న నర్సరీ ఉండేది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, ఎటు వెళ్ళినా రోడ్డుకి ఇటూ అటూ మొక్కలే. ఇక్కడ పెరిగిన మొక్కలు లారీలెక్కి దేశం నలుమూలలకీ వెళతాయి. అంత మొక్కల రాజ్యంలో ఈ నర్సరీ ఒక మూల చెక్క. దాని యజమానురాలు ఒక మామ్మ. అంట్లు కట్టడానికి ఆవిడ పెట్టింది పేరు. మామిడి కానీ సపోటా కానీ, ఆవిడ కట్టిన అంటు పట్టకపోవడం అరుదు.

ఆవిడకి ఒక మనవడు. 20 ఏళ్ళు నిండాయి. మొక్కలు తోలే చిన్న వ్యాను ఇక తనే నడపాలని వాడి కోరిక. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు. వాడి మేనమామ లారీ డ్రైవరు. మొక్కల లోడుతో హైదరాబాదు, నాగపూరు తిరిగొచ్చిన రోజుల్లో తన పాత మారుతి కారుకి ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ బోర్డు తగిలించి, పక్కన కూర్చుని నేర్పేవాడు. ముందుకు నడపడంలో కుర్రాడికి తిరుగులేదు. గేరు మార్చితే బండి ఉలిక్కిపడేది కాదు. పదహారో నంబరు హైవే ఎక్కితే పాతకాపు డ్రైవరులా నడిపేవాడు. చిక్కల్లా వెనక్కి రావడంలో, అందులోనూ రెండు బండ్ల మధ్య సందు చూసుకుని రోడ్డు వారన పెట్టడంలో.

నర్సరీ వెనక చదును చేసిన ఖాళీ జాగా ఉంది. అక్కడ మావయ్య వెదురు కర్రలు పాతాడు. ముందు నాలుగు కర్రలు ఒక బండి, వెనక నాలుగు కర్రలు ఇంకో బండి. నడుమ కారు పొడుగుకి ఒకటిన్నర రెట్లు చోటు.

“ముందు బండి పక్కన రెండు మూరల ఎడంలో ఆపు,” అని చెప్పాడు మావయ్య. “దాని వెనక బంపరూ నీ వెనక బంపరూ ఒక వరసలోకి రావాలి. హాఫ్ క్లచ్ మీద మెల్లగా వెనక్కి కదులుతూ స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పు. కుడి అద్దంలో వెనక బండి కుడి మూల కనపడగానే స్టీరింగు తిన్నగా చెయ్యి. నీ ముందు మూల ముందు బండిని తప్పించుకున్నాక పూర్తిగా కుడికి. చెయ్యి చురుగ్గా ఉండాలి, బండి మాత్రం నిదానంగా ఉండాలిరా.”

కుర్రాడు విన్నాడు. విని, దాన్నంతా లెక్కలోకి దించుకున్నాడు. ఫలానా కర్ర ఫలానా కిటికీ అంచుకి రాగానే ఇన్ని చుట్లు, ఆ తర్వాత ఇన్ని చుట్లు అని గుర్తులు పెట్టుకున్నాడు. ఒక్కోసారి కర్ర తగిలేది, పడేది. దిగి మళ్ళీ పాతి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. కొన్నాళ్ళకి పది సార్లు పెడితే ఎనిమిది సార్లు బండి చక్కగా కూర్చునేది. ఇంక చాలనుకుని టెస్టుకి వెళ్ళాడు.

అక్కడ కర్రల మధ్య ఎడం వేరు. కిటికీ అంచుకి రావలసిన కర్ర రావలసిన చోటికి రాలేదు. లెక్క తప్పింది, కాలు కంగారుపడింది, కారు ముందు మూల కర్రని పడగొట్టింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసుకుని, “ఏడు రోజులాగి మళ్ళీ రా బాబూ,” అన్నాడు. 1988 మోటారు వాహనాల చట్టం చెప్పే గడువది. మూడుసార్లు తప్పితే ఆ పైన 60 రోజులు ఆగాలి.

ఇంటికొచ్చేసరికి మామ్మ పందిరి కింద కూర్చుని అంట్లు కడుతోంది.

“ఏరా నాన్నా, ఏమైంది?”

“ఒక్క కర్ర తగిలింది మామ్మా. అన్నీ బాగానే చేశాను. కర్రే కదా! ఆ మాత్రం దానికి ఫెయిల్ చేసేశారు.”

మామ్మ ఏమీ అనలేదు. చేతిలో ఉన్న అంటుకి టేపు చుట్టడం పూర్తి చేసి, ముడి బిగించి, కుండీ పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్నే కుర్రాడు ఖాళీ జాగాలోకి వెళితే కర్రలు లేవు. కర్ర ఉన్న ప్రతిచోటా ఒక కుండీ. కుండీలో కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు. అన్నీ మామ్మ చేత్తో కట్టినవే. అంటుకి పక్కన తెల్ల గుడ్డ కట్టిన సన్నటి బద్ద, అద్దంలో కనపడటానికి.

“ఇదేంటి మామ్మా? తగిలితే విరిగిపోవూ?”

“విరుగుతాయి.”

“మరి?”

“తగలకుండా పెట్టు.”

కుర్రాడు కారెక్కాడు. ఇంజను వేశాడు. ఆపేశాడు. దిగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇన్నాళ్ళలో వాడు ఆ పని చేయడం అదే మొదలు. వెనక బంపరు ఎక్కడిదాకా ఉందో, అద్దంలో కనపడే మేర ఎంతో, ఎంత కింద ఉన్న వస్తువు అద్దానికి అసలు అందదో కళ్ళారా చూసుకున్నాడు. తర్వాత ఎక్కి కదిలాడు, చీమ నడిచినట్టు. అద్దాలు రెండూ చూశాడు, భుజం మీదుగా వెనక్కి చూశాడు. అనుమానం వచ్చినచోట ఆపాడు, దిగాడు, చూశాడు, మళ్ళీ ఎక్కాడు. కిటికీ అంచు లెక్క వాడికి గుర్తే రాలేదు. మొక్కే కనపడుతోంది.

అలా రోజూ సాగింది. ఒకనాటి సాయంత్రం స్నేహితుడెవరో ఫోను చేసి రమ్మన్నాడు. ఇంకొక్కసారి పెట్టేసి వెళదామని తొందరపడ్డాడు. కళ్ళు వెనక కుండీల మీదే ఉన్నాయి. వెనకవైపు చక్కగా సందులోకి వెళుతోంది. ముందు మూల మాత్రం బయటికి విసురుగా తిరిగి, రోడ్డు వైపు అనుకుని మావయ్య విడిగా పెట్టించిన కుండీని గుద్దేసింది. అంటు అతుకు దగ్గర ఫట్టున విరిగింది.

మావయ్య నేల మీద కర్రపుల్లతో గీసి చూపించాడు. “తిరిగేవి ముందు చక్రాలే కదరా. వెనక్కి వెళ్ళేటప్పుడు వెనక భాగం ఎడమకి పోతే, ముక్కు కుడికి, నడిరోడ్డు మీదకి తోసుకొస్తుంది. నువ్వు నీ చోటు చూసుకుంటూ ఉంటావు. ఆ సమయంలో సైకిలు మీద పోయేవాడికి నీ ముక్కు తగులుతుంది. ఆ కుండీ నేను ఊరికే పెట్టించానా?”

మామ్మ తిట్టలేదు. విరిగిన మొక్కని వాడి చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంది. “టెంక పాతింది పోయిన జూన్‌లో. మొలిచాక మొక్క పెన్సిలంత లావయ్యేదాకా చూశాను. కాపు కాసే చెట్టు నుంచి పుల్ల తెచ్చి, చీలికలో దింపి, టేపు చుట్టాను. చిగురొచ్చిందని సంబరపడ్డా అతుకు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ నీడలో పెట్టి కాచాను. కింద టెంక మొక్క బతికే ఉంది, మళ్ళీ చిగురేస్తుంది. ఈసారి అంటు నువ్వు కట్టు.”

చిగురొచ్చి గట్టిపడ్డాక వాడే కట్టాడు. మొదటిది పట్టలేదు. రెండోది పట్టింది. ఏడు రోజుల గడువు ఎప్పుడో దాటింది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది కాబట్టి వాడికి తొందర లేదు. చెయ్యి కుదిరిందని తనకే నమ్మకం కలిగాక వెళ్ళాడు. టెస్టు మైదానంలో కర్రల ఎడం మళ్ళీ వేరేగానే ఉంది. అయినా ఒక్కటీ కదల్లేదు.

లైసెన్సు వచ్చిన కొత్తల్లో ఒక తెల్లవారుజామున వ్యానుతో కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్ళాడు. రోడ్డు వారన ఒక ఆటోకీ ఇంకో వ్యానుకీ మధ్య ఒక్కటే సందు ఉంది. కుర్రాడు ముందుకెళ్ళి ఆగి, అలవాటు ప్రకారం దిగి చూశాడు. వెనక వ్యాను ముందర నేల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో బంతిపూల గంప. ఏ అద్దంలోనూ ఆవిడ కనపడదు. బండి వస్తుందనుకుని గంప పట్టుకుని లేవబోయింది.

“కూర్చోండి మామ్మగారూ, నేను ముందుకే పెట్టుకుంటాను. మీకు చోటుంది,” అన్నాడు.

ఎక్కి, ఆవిడకి బారెడు ఎడం వదిలి, నిదానంగా పెట్టి దిగాడు. అప్పటికి ఆవిడ మళ్ళీ పూలు ఏరుకుంటోంది.

నీతి

టెస్టు మైదానంలో పాతిన కర్ర కర్ర కాదు. అది ఒక మనిషికి బదులుగా నిలబెట్టిన గుర్తు. డ్రైవింగు టెస్టులో ఏమేమి చూడాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు వరసగా చెబుతాయి. కదిలే ముందు అద్దాలు సరిచూసుకోవాలి. ఇరుకు సందులోకి బండిని వెనక్కి నడిపి, అదుపు తప్పకుండా, తగినంత కచ్చితంగా చేర్చగలగాలి. ఆ ఇరుకు సందుకి రెండు వైపులా నిజమైన రోడ్డు మీద ఎవరుంటారో నియమం రాయదు, రాయనక్కర్లేదు. మొక్కలు కట్టుకుని సైకిలు తొక్కే కూలీ ఉంటాడు. షేర్ ఆటో దిగి చీర సర్దుకుంటున్న ఆడమనిషి ఉంటుంది. బడికి పోతూ బండ్ల మధ్య నుంచి దూరే పిల్లలుంటారు. వాళ్ళని నిలబెట్టి పరీక్ష పెట్టలేం కాబట్టి కర్ర పాతుతాం. ఆ సంగతి మరిచిపోయినవాడికి పరీక్ష ఒక లెక్కగా మిగులుతుంది. లెక్క కుదిరితే పాసవుతాడు, చోటు మారితే తప్పుతాడు. గుర్తు వెనక మనిషిని చూసేవాడికి చోటు ఎంత మారినా చెయ్యి తప్పదు. ఎందుకంటే వాడు నేర్చుకున్నది చుట్ల లెక్క కాదు, ఎదుటివాడికి దెబ్బ తగలకూడదన్న శ్రద్ధ. నిదానం, దిగి చూసే ఓపిక, రెండు అద్దాలూ చూసే అలవాటు ఆ శ్రద్ధ నుంచే పుడతాయి.

అంటు విరిగిన సాయంత్రం చెప్పిన పాఠం ఇంకొకటి ఉంది. మన చోటు మనం సర్దుకునేటప్పుడు కూడా మనలో ఒక భాగం బయటికి విసురుతుంది. ఇల్లు కట్టుకునేవాడు ఇసక రోడ్డు మీద పోస్తాడు. పెళ్ళి చేసుకునేవాడు పందిరి వీధికి అడ్డంగా వేస్తాడు. ఎవరికీ చెడు చేయాలని ఉండదు. తమ సందు మీదే చూపు ఉండి, తమ ముక్కు ఎటు తిరిగిందో చూసుకోరు, అంతే.

ఏ పని నేర్చుకున్నా మొదట బొమ్మల మీదే నేర్చుకుంటాం. నర్సు బొమ్మకి సూది గుచ్చుతుంది. గుమాస్తా నమూనా దరఖాస్తు నింపుతాడు. బొమ్మే కదా, కాగితమే కదా అన్న మాట అక్కడే నాలుక మీదకి రాకూడదు. ఆ దరఖాస్తు వెనక పింఛను కోసం ఎదురుచూసే ముసలాయన ఉన్నాడని నేర్పేవాళ్ళు మొదటి రోజే చెప్పాలి. బండి నేర్పే ప్రతి మావయ్యా కర్ర పాతేటప్పుడే అది ఎవరికి గుర్తో చెప్పి మరీ పాతాలి. నైపుణ్యం చేతికి వస్తుంది, పోతుంది. ఎదుట ఉన్నది ప్రాణమన్న ఎరుక ముందుగా వస్తే, నైపుణ్యం దాని వెంట వచ్చి నిలుస్తుంది.