గ్రహణం నాడు గడప దాటినావిడ

మేముండేది విజయవాడ పటమటలో, నాస్తిక కేంద్రానికి నాలుగు వీధుల అవతల. నేను నాస్తికురాలిని కాను. పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ ముట్టను. అయినా ఆ కేంద్రాన్ని భర్త గోరా గారితో కలిసి పెట్టిన సరస్వతీ గోరా గారి మీద జనం అనే ఒక మాట నాకు మింగుడు పడదు: ‘‘మొగుడు దేవుడు లేడన్నాడు, ఆవిడ సరేనంది. అదీ పాతివ్రత్యమేగా!’’ ఒకప్పుడు నేనూ అన్నాను లెండి.

విజయనగరంలో 1912లో, సంప్రదాయ కుటుంబంలో పుట్టారు. పదేళ్ళకే పెళ్ళి. కాపురం తొలినాళ్ళలో, కడుపుతో ఉండి, గ్రహణం వేళ కావాలనే ఇంట్లోంచి బయటికొచ్చారు.

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. నాకు ఆరో నెల. మా అత్తగారు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆవకాయ జాడీ మీద దర్భలు వేసి, నన్ను గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. దురద పుట్టినా గోక్కోకూడదు. బీయస్సీ చదివినదాన్ని, చంద్రుడి నీడ ఎలా పడుతుందో బొమ్మ గీసి చూపగలను. అయినా విడుపు దాకా వేలు కదపలేదు. కదిలితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని భయం; మన భాషలో ఆ పెదవికి పేరే గ్రహణంమొర్రి! ఆ భయం ఏ మొగుడు పొమ్మంటే పోతుంది?

దేవుడు లేడన్నందుకు గోరా గారికి 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, దొరికింది కూడా. ఆవిడ ఒడ్డింది కడుపులో బిడ్డని.

1940లో ముదునూరులో కేంద్రం పెట్టారు, 1947లో పటమటకు మార్చారు. 1948లో పెద్దకూతురు మనోరమ పెళ్ళి సేవాగ్రామ్‌లో, దళితుడైన అర్జునరావుతో. ఎదిగిన కూతురి పెళ్ళి దగ్గర ఎంతటి సంస్కర్తలూ జావగారిపోవడం చూశాను. 1975లో గోరా గారు పోయారు. ఆ తర్వాత 2006 దాకా, 31 ఏళ్ళు, కేంద్రం పనిలోనే ఉన్నారు ఆవిడ. అప్పుడు ఏ భర్త మాట జవదాటకూడదని?

2024 ఏప్రిల్‌లో డల్లాస్‌లో సంపూర్ణ గ్రహణం. మా చిన్నకోడలికి ఏడో నెల. ఇక్కడ అర్ధరాత్రి, నిద్రపట్టక ఫోన్ చేశాను.

‘‘లోపలే పడుకో తల్లీ, కాసేపేగా.’’

‘‘కళ్ళజోళ్ళు పెట్టుకుని పెరట్లోనే ఉన్నాం అత్తయ్యా!’’ అని నవ్వింది.

ఫోన్ చేసింది పటమట నుంచే.