రెండు వృత్తాలు, ఒక లింగం

సామర్లకోట కుమారారామ ఆలయంలోని భీమేశ్వర లింగం సుమారు 14 అడుగుల ఎత్తున, కింది అంతస్తులో మొదలై కప్పును దాటి పై అంతస్తులోకి వస్తుంది. భక్తుడికి పాదభాగం కింద, అర్చన అందుకునే శిరోభాగం పైన కనిపిస్తాయి. తూర్పు చాళుక్యుడైన చాళుక్య భీముడు కట్టించిన ఈ ఆలయాన్ని కంప్యూటరులో గీయబూనితే, ఒక్కో అంతస్తును నేలకు సమాంతరంగా కోసి పైనుంచి చూపే ప్లాను అనే బల్లపరుపు పటం లింగాన్ని రెండు చోట్ల రెండు వృత్తాలుగా చూపుతుంది. అవి ఒకే శిల అని ఏ ప్లానూ తనంత తాను చెప్పదు.

భాగాలు చూపని ఈ ఒకే వస్తువు గురించి దార్శనికులలో పాత వాదం ఉంది. అవయవాలకంటె వేరుగా అవయవి, అంటే భాగాలన్నింటిలోనూ సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే పూర్ణ వస్తువు, ఉన్నదని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు అంటారు. భాగాల గుంపుకు పెట్టిన పేరే తప్ప అటువంటిది లేదని బౌద్ధులు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న కంప్యూటరు నమూనాను ఒకచోట సవరిస్తే దాని నుంచి తీసిన పటాలన్నీ మారడం చూస్తే నైయాయికులే గెలిచినట్టుంటుంది. అయితే పాత ప్లానును అడుగున పరచి దానిమీద గోడలు లేపినప్పుడు అవయవమే ముందు పుట్టింది కనుక ఆ గెలుపు అంత గట్టిది కాదు.

ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బిందువుకూ ఎక్స్, వైలతో పాటు ఎత్తును తెలిపే జెడ్ విలువ కూడా ఉంటుంది. పైనుంచి చూస్తే మూల దగ్గర చక్కగా కలిసినట్టున్న రెండు గీతలు, దృశ్యాన్ని పక్కకు తిప్పగానే ఒకటి నేలనంటి, మరొకటి మూడడుగుల పైన వేలాడుతూ బయటపడతాయి. దీన్ని అద్వైతులు చెప్పే అధ్యాస, అంటే ఒకదానిపై మరొకదాన్ని ఆరోపించడం, అనవచ్చు గాని తాడును పాముగా భ్రమించే ఉపమానం ఇక్కడ పూర్తిగా పొసగదు: గీతలు రెండూ ఉన్నవే, కలయిక ఒక్కటే ఆరోపితం.

అలాగని బల్లపరుపు పటం తక్కువదన్న భావన శ్రీచక్ర ఉపాసకులలో లేదు. రేకుమీద గీసిన శ్రీచక్రాన్ని భూప్రస్తారమనీ, ఆవరణలు మెట్లుగా లేచినదాన్ని మేరువనీ అంటారు. రెంటిలోనూ దేవత ఒకతే, నడిమి బిందువూ ఒకటే. కుమారారామం ప్లానులను ఒకదానిపై ఒకటి పేర్చేవారు కూడా లింగ కేంద్రాన్నే మూలబిందువుగా, అంటే కొలతలన్నీ సున్నతో మొదలయ్యే చోటుగా, పెట్టుకోవడం మేలు. అప్పుడు కింది వృత్తమూ పై వృత్తమూ ఒకే నిలువు గీతమీద నిలుస్తాయి.