చీటీ తీయడం వేరు, జూదమాడటం వేరు

"లాటరీని ప్రభుత్వమే నడుపుతోంది కదా, ఆ సొమ్ము పేదల వైద్యానికి పోతోంది కదా, ఇంకా తప్పేముంది?" ఈ ప్రశ్న మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది, ముఖ్యంగా పిల్లలు గల్ఫ్‌లో పనిచేస్తున్న ఇళ్లలో. అక్కడ పదిమంది తలా కొంత వేసుకొని ఒక టికెట్ కొంటారు. తగిలితే మస్జిద్‌కు ఇంత ఇస్తామని మొక్కుకునేవారూ ఉన్నారు. కనుక ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు.

ముందు చట్టాల సంగతి చూద్దాం. మన దేశంలో 1998 నాటి లాటరీల చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు లాటరీ నడుపుకునే వీలు కల్పించింది. ఒకే అంకెపై బహుమతి ఇవ్వరాదని, ఒక లాటరీకి వారంలో ఒక్క డ్రాకు మించరాదని షరతులు పెట్టింది. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ ప్రారంభించి నేటికీ నడుపుతోంది. పొరుగునే ఉన్న తమిళనాడు 2003లో లాటరీలను నిషేధించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లాటరీ లేదు. బ్రిటన్‌లో 1994 నుండి జాతీయ లాటరీ నడుస్తోంది. అరబ్ ఎమిరేట్స్ 2023లో నియంత్రణ సంస్థను నెలకొల్పి, 2024లో లాటరీకి అనుమతి ఇచ్చింది.

అంటే ఒకచోట నేరమైనది సరిహద్దు దాటగానే వ్యాపారమవుతోంది. ధర్మాధర్మాలు సరిహద్దు రాళ్లను బట్టి మారతాయా? ప్రభుత్వం నడిపినంత మాత్రాన లాటరీ జూద స్వభావాన్ని కోల్పోదని మన సుప్రీంకోర్టే 1999లో తేల్చిచెప్పింది.

ఇక మంచిపని మాట. కేరళలో 2011లో వచ్చిన కారుణ్య లాటరీ ఆదాయంతో ఎందరో పేద రోగులకు వైద్యం అందింది. దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఈ వాదన కొత్తదేమీ కాదు. అజ్ఞానకాలపు అరబ్బులు బాణాలతో ఒంటె మాంసంపై జూదమాడి, గెలిచిన మాంసాన్ని పేదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు. దివ్యఖుర్ఆన్ ఆ ప్రయోజనాన్ని దాచలేదు. మద్యంలో, జూదంలో కొంత లాభం ఉన్నా వాటి పాపమే పెద్దదని అల్ బఖరా 219వ ఆయతు తెలిపింది. తర్వాత అల్ మాయిదా 90, 91 ఆయతులు వాటిని పూర్తిగా నిషేధించాయి.

మరి చీటీ తీయడమే తప్పా? కాదు. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేముందు తన సతీమణుల్లో ఎవరిని వెంట తీసుకువెళ్లాలో చీటీ ద్వారా నిర్ణయించేవారు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ నగర పేదలకు ఇళ్ల పట్టాలు పంచారు. అటువంటి లేఅవుట్‌లో రోడ్డు పక్క స్థలం ఎవరికి, లోపలి స్థలం ఎవరికి అన్నది చీటీ తీసి తేల్చితే అది జూదం కాదు. అందరికీ సమాన హక్కు ఉంది, ఎవరి సొమ్మూ పోదు, పక్షపాతానికి తావుండదు. లాటరీలో అలా కాదు. ఒకరి చేతికి వచ్చే ప్రతి రూపాయీ ఓడినవారి జేబులోనిదే. అమెరికాలోని పవర్‌బాల్ మొదటి బహుమతి తగిలే అవకాశం దాదాపు 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి. ఆ ఒక్కరి సంబరానికి మిగిలినవారి కష్టార్జితమే మూల్యం.

కనుక ఎవరైనా టికెట్ కొనమంటే ఇలా ప్రశ్నించుకోండి: నేను గెలవాలంటే ఎవరో ఓడి తీరాలా? అవునంటే అది జూదమే. ఆ సొమ్ముతో మస్జిద్‌కు మొక్కుకున్నా ప్రయోజనం లేదు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదే స్వీకరిస్తాడు. 'రా, జూదమాడదాం' అని నోరుజారినవాడు కూడా దానధర్మం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. పిలుపుకే ఇంత పరిహారమైతే, ఆట సంగతి చెప్పాలా?

టికెట్‌కు పెట్టే ఆ కాస్త సొమ్మును నెలనెలా ఇరుగుపొరుగులోని ఒక రోగి మందులకు ఇవ్వండి. అందులో ఓడేవారు ఉండరు. అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన ఉపాధిని, దానితో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.