ఇద్దరి బల్ల, మూడో మనిషి

సుఖపడటం తప్పా అన్న ప్రశ్న మన సాహిత్యంలో చాలాకాలంగా నలుగుతూనే వుంది. తప్పేనని సన్యాసి చెబుతాడు. మనలో కొందరు సన్యాసిని వెక్కిరిస్తూనే అదే జవాబు చెబుతారు; లోకంలో ఆకలి వుండగా నీకు విందేమిటంటారు. నేనీ ఇద్దరితోనూ ఏకీభవించను. మనిషి ఇన్ని పోరాటాలు చేసింది పస్తులను సమానంగా పంచుకోవడానికి కాదు గదా! అసలు ప్రశ్న వేరే వుంది. అది నాకు విశాఖపట్నంలో ఒక భోజనబల్ల దగ్గర తట్టింది.

గత మే నెలలో, మా పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయిన సందర్భంగా, నేనూ నా భార్యా నాలుగు రోజులు విశాఖలో గడిపాం. చివరి రాత్రి సముద్రానికెదురుగా వున్న ఒక పెద్ద హోటలుకు భోజనానికి వెళ్ళాం. బల్లకు రెండే కుర్చీలు, మధ్య కొవ్వొత్తి, కింద అలల చప్పుడు. మేమిద్దరం అలా ఎదురెదురుగా కూర్చుని తీరుబడిగా తిన్నది ఎన్నిసార్లని లెక్కపెడితే చేతివేళ్ళు మిగిలాయి. ఆ రాత్రి మేం పొందిన సంతోషం నిజమైనది. దాన్ని తక్కువచేసి రాస్తే అబద్ధం రాసినట్టే.

వంజరం చేప వచ్చింది. వడ్డించిన కుర్రవాణ్ణి నా భార్య "ఇక్కడి చేపేనా బాబూ?" అని అడిగింది.

"కాదమ్మా, ఇక్కడ వేట ఆపేశారు కదా. ఇది పడమటి తీరం నుంచి వచ్చింది. మా నాన్న బోటు కూడా హార్బర్‌లో కట్టేసి వుంది" అన్నాడు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ వాళ్ళింటికి ఇతని జీతమే ఆధారమట. ఇంతలో ఎక్కువ మాట్లాడానని తోచిందేమో, "సారీ మేడమ్" అని రెండడుగులు వెనక్కి వేసి గోడవారగా నిలబడ్డాడు.

"పాపం, ఇందాకటి నుంచీ నిలబడే వున్నాడండీ" అంది నా భార్య.

"నేను గమనించలేదు" అన్నాను.

"మీరెప్పుడు గమనించారు గనక!" అని నవ్వింది.

ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. వుంటే నాకు తేలికగా వుండేది. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా నేను కూర్చుని తింటుంటే నిలబడి వడ్డించింది ఆవిడే. నిలబడ్డ మనిషి ఆవిడ కంటపడటంలో వింత లేదు. నేను మాత్రం ఆ విందులో మేమిద్దరమే వున్నామనుకున్నాను. వున్నది ముగ్గురం. మా ఏకాంతాన్ని ఆ మూడో మనిషి, తను లేనట్టుగా నిలబడి, తయారుచేశాడు.

ఇక్కడ చరిత్రను మరిచిపోరాదు. విడివిడి బల్లలు, ధరల పట్టీ, డబ్బిచ్చినవాడికల్లా వడ్డన అనే ఈ పద్ధతి 18వ శతాబ్దం చివర ప్యారిస్‌లో పెరిగింది. ప్రభువుల ఇళ్ళలో సాగిన వంట బజారులోకి వచ్చింది. మన దేశంలో దీని విలువ ఇంకా ఎక్కువ. కులాన్నిబట్టి పంక్తులు వేసిన హోటళ్ళు మన వూళ్ళలో వుండేవి. హోటళ్ళలో ప్రవేశానికి కులం అడ్డు రాకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. అంటరానితనం పేరుతో అడ్డగించడాన్ని 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం శిక్షార్హం చేసింది. కులం అడగని బల్ల చిన్న విజయం కాదు. ఐతే ఆ బల్ల డబ్బడుగుతుంది. గుమ్మం దగ్గర చట్టం తొలగించిన అంతరం, బల్లకూ గోడకూ మధ్య రెండడుగుల జాగాలో మరో రూపంలో మిగిలింది.

"జీతం తీసుకుంటున్నాడు కదా, మీరు బాధపడితే అతనికేం ఒరుగుతుంది?" అని మిత్రులు అడగవచ్చు. నిజమే. నా పశ్చాత్తాపం అతనికి కూడు పెట్టదు. అందరం వెళ్ళడం మానేస్తే వున్న జీతం కూడా పోతుంది. కాని జీతంతో కొన్నది అతని కొన్ని గంటల పని మాత్రమే. అతను అక్కడ లేడనుకునే హక్కు ఏ బిల్లులోనూ చేరి వుండదు. దాన్ని మనమే కలిపేసుకుంటున్నాం. ఇంట్లోనైతే బిల్లు కూడా లేకుండా కలిపేసుకుంటున్నాం.

దీనికి జాలి మందు కాజాలదు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఎవరి జాలీ కోరలేదు. కూర్చునే హక్కు కోరారు. వాళ్ళు పోరాడితే 2018లో అది చట్టంలోకి ఎక్కింది. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టం చేసింది. కుర్చీ ఎంత చిన్న వస్తువు! దానికి కూడా చట్టం కావలసివచ్చిందంటే, నిలబడ్డవాళ్ళను చూడకుండా వుండటం మనకెంత అలవాటైపోయిందో తెలుస్తుంది. ప్రేమకు ఏకాంతం కావాలి, కాదనను. ఆ ఏకాంతం కోసం ఎవరిని లేకుండా చేస్తున్నామో ప్రేమించేవాళ్ళే అడిగి తెలుసుకోవాలి.

మేం భోజనం ముగించాం. చేప రుచేమీ తగ్గలేదు. లేచేముందు ఆవిడ అతని పేరడిగింది, చెప్పాడు. అంతమాత్రాన అతని పనిగంటలు తగ్గవని మా ఇద్దరికీ తెలుసు. ఇంటికి వచ్చాక గిన్నెలు మధ్యన పెట్టుకుని ఇద్దరం ఒకేసారి కూర్చుని తింటున్నాం. మంచినీళ్ళు మరిచిపోతే ఇప్పటికీ ఆవిడే ముందు లేవబోతుంది. ఆ లేవబోవడం నాకు కనిపించడం మాత్రం ఈ మధ్యనే మొదలైంది.