ఎంత దూరం నుంచి చూడాలి?

చల్లపల్లి నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. పద్నాలుగు మందిమి, అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళం. మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర నది పాయ మీదుగా దివిసీమలోకి దిగి, అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి చేరేసరికి వెలుగొచ్చింది. ఆ తీరంలో మడ అడవులున్నాయి. దాదాపు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం ఈ నది చివరి ప్రాంతంలోదే. చలికాలంలో దూరదేశాల నుంచి ఎగిరొచ్చే పక్షుల్ని చూడటం ఆ రోజు మా పని.

పిట్టల్ని చూడబోయేవాళ్ళకి కొన్ని నియమాలుంటాయి. గట్టిగా మాట్లాడకూడదు. గూళ్ళ దగ్గరకి పోకూడదు. పిట్ట తల ఎత్తి మనవైపు చూసిందంటే ఆగిపోవాలి. లేచి ఎగిరిపోయిందంటే మనం అప్పటికే హద్దు దాటామన్నమాట. గూడు ఫోటో, అది ఉన్న చోటు ఎవరికీ చెప్పకూడదు. మాతో వచ్చిన పెద్దాయన ఇవన్నీ బస్సులోనే చెప్పారు. మేమంతా బుద్ధిగా తలలూపాం.

బురదనేలలో ఉల్లంకి పిట్టలు పరుగులు పెడుతున్నాయి. వాటి వెనక మోకాలి లోతు నీళ్ళలో ఒకామె, చీర పైకి దోపుకుని, వంగి చేతులతో రొయ్యలు తడుముతోంది. నడుముకి తట్ట. పక్కనే తెల్లకొంగ. ఇద్దరూ ఒకే తీరున వంగి ఉన్నారు. నాకు ముచ్చటేసింది. ఫోటో తీసి, 'ఇద్దరు వేటగత్తెలు' అని రాసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి.

కాసేపటికి ఆమె ఒడ్డుకొచ్చింది. "అమ్మా, ఇందాక నన్ను ఫోటో తీశారా?" అంది. అవునన్నాను, నవ్వుతూనే. "ఆఫీసోళ్ళకి చూపిత్తారా?" అంది.

నా నవ్వు ఆగిపోయింది. అభయారణ్యంలో ఎవరు ఎక్కడిదాకా రావచ్చో, ఏం పట్టుకోవచ్చో చట్టాలున్నాయి. మాకు అందమైన దృశ్యంగా కనిపించింది, ఆమెకి తన మీద సాక్ష్యంగా కనిపించింది. నా ఫోన్లో ఫోటో తీసేశాను. మిగతా పదమూడు ఫోన్లలో నుంచి ఎలా తీస్తాను? పిట్టగూడు జాడ దాచిపెట్టాలని పొద్దున్నే నేర్చుకున్నదాన్ని, మనిషి జాడ నలుగురికీ పంచేశాను.

తిరుగు ప్రయాణంలో ఒక స్నేహితురాలు నన్ను ఓదార్చబోయింది. "ఊరుకోవే, నువ్వు చెడు ఉద్దేశంతో తీశావా? అడక్కపోతే ఆమెకి తెలిసేది కూడా కాదుగా!" ఈ మాట ఎక్కడో విన్నాననిపించింది. బస్సులో, వీధి మలుపులో, ఆఫీసులో మనల్ని ఎగాదిగా చూసేవాళ్ళ తరఫున వినిపించే వాదన కూడా ఇదే. చూస్తే అరిగిపోతావా? నీకేం నష్టం? చూపు వల్ల నష్టం ఉందో లేదో తేల్చే హక్కు చూసేవాళ్ళకే ఉంటుందన్న ధీమా ఇది. దాన్ని ఇన్నేళ్ళుగా తప్పుపడుతూ వచ్చిన నేను, కెమెరా నా చేతికి రాగానే అదే ధీమాతో ప్రవర్తించాను.

అలాగని చూడటమే తప్పు అనలేను. చూడటం ఆడవాళ్ళకి అంత తేలిగ్గా దొరికిన సంగతి కాదు. పక్షిశాస్త్రమంటే తుపాకీతో కొట్టి, చర్మం వొలిచి, కొలిచి రాసుకోవడంగా ఉన్న రోజుల్లో, 1889లో, ఫ్లోరెన్స్ మెరియమ్ అనే అమెరికన్ యువతి నాటకశాలలో వాడే చిన్న దుర్భిణితో పక్షుల్ని చూడటం గురించి పుస్తకం రాసింది. మన దేశంలో జమాల్ ఆరా 1970లో నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా పిల్లలకి పక్షుల్ని చూడటం నేర్పే పుస్తకం అందించింది. చంపకుండా తెలుసుకోవచ్చని చెప్పే చూపు అది. ఎప్పుడూ చూపులకి గురయ్యే మేం, ఒక్క ఉదయం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా చెట్టుకింద నిలబడి చూడగలిగామంటే ఆ సంతోషం చిన్నదేం కాదు. దాన్ని నేను వదులుకోను.

మరి తేడా ఎక్కడుంది? పిట్ట ఎగిరిపోతే మన తప్పు మనకి తెలుస్తుంది. ఆ నియమం మంచిదే, కానీ అది రెక్కలున్నవాళ్ళకి సరిపోయే నియమం. ఆమె ఎక్కడికి ఎగురుతుంది? పోటు వచ్చేలోపు తట్ట నిండాలి. కూలి, బతుకు ఆమె కాళ్ళని ఆ బురదలోనే నిలిపాయి. ఆమె కదలలేదు కాబట్టి ఒప్పుకుందనుకోవడం, ఇల్లు విడిచి పోలేదు కాబట్టి ఆ ఇల్లాలు సుఖంగానే ఉందనుకోవడం లాంటిదే. కదలకపోవడాన్ని అంగీకారంగా లెక్కవేసే అలవాటు ఎంత పాతదో మనకి తెలియందా?

ఇంకొక తేడా కూడా ఉంది. పిట్ట విషయంలో దూరంగా ఉండటమే మర్యాద. మనిషి విషయంలో ఒక్కోసారి ఆ దూరమే అమర్యాద. ఆమెని పిట్టలాగా దూరం నుంచే చూసి వచ్చేస్తే నా తప్పు తగ్గేది కాదు. ఆమె దగ్గర మాట ఉంది. ముందే నాలుగడుగులు వేసి, "ఒక ఫోటో తీసుకోనా అమ్మా?" అని అడిగి ఉంటే, వద్దనగలిగేది. వద్దనే అవకాశం ఇవ్వని చూపు ఎంత ప్రేమగా ఉన్నా సరే, అది సొంతం చేసుకునే చూపే.

హంసలదీవికి ఆ పేరు ఎలా వచ్చిందో అక్కడ అందరూ చెబుతారు. పాపాలతో నల్లబడిన గంగ కాకి రూపంలో వచ్చి ఇక్కడ సంగమంలో మునిగి తెల్లని హంసగా మారిందట. చిన్నప్పుడు బాగుందనుకున్నాను. ఇప్పుడు ఆ కథలో కాకి వైపు నుంచి ఒక ప్రశ్న వినిపిస్తోంది. నలుపు పాపమని ఎవరు తేల్చారు? మేమూ ఆ రోజు ఆ కథనే కొంచెం మార్చి చెప్పాం. ఆమెని ఆమెగా చూస్తే మాకు కవిత్వం పుట్టలేదు. కొంగ పక్కన నిలబెట్టాకే అందంగా కనిపించింది.

గ్రూపులో అందరికీ విషయం రాశాను, ఫోటో తీసెయ్యమని అడిగాను. కొందరు తీసేశారు. "ఇంత చిన్న దానికా?" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వాదన ఇంకా నడుస్తోంది. వచ్చే చలికాలం మళ్ళీ వెళతాం. బస్సులో చెప్పుకునే నియమాల్లో ఈసారి మనుషుల గురించి కూడా ఒకటి చేర్చాలని అడిగాను. దాన్ని ఎలా రాయాలో ఇంకా కుదరలేదు. ఆ ఊరి ఆడవాళ్ళని అడగకుండా మేం పద్నాలుగు మందిమే కూర్చుని రాసేస్తే, అదీ పాత పద్ధతే అవుతుంది కదా.