గడియారము మనది, కాలము దేవునిది

ధ్యాన వాక్యభాగము: యెషయా 38:1–8



ఈ ధ్యానమును ఒక ఒప్పుకోలుతో ప్రారంభిస్తున్నాను. మా తమ్ముడు న్యూజెర్సీలో ఇరవై ఏళ్ళకు పైగా ఉంటున్నాడు. ప్రతి ఆదివారము అక్కడ ఉదయము తొమ్మిదిన్నరకు, ఆరాధనకు బయలుదేరే ముందు, అమ్మకు ఫోను చేసేవాడు. అప్పుడు మనకు సాయంత్రము ఏడు గంటలు. తల్లీకొడుకులు ఒక కీర్తన చదువుకొని, ప్రార్థన చేసుకొని, ఆ తరువాత ఇంటి సంగతులు మాట్లాడుకొనేవారు. అమ్మకు ఎనభై ఏడేళ్ళు. ఆరున్నరకే భోజనము ముగించి, కళ్ళద్దాలు తుడుచుకొని, బైబిలు ఒడిలో పెట్టుకొని కూర్చునేది.

ఒక అక్టోబరు నెల చివరి ఆదివారము మా తమ్ముడు నాతో, “అన్నా, వచ్చే వారము ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. ఇకమీదట మీకు ఎనిమిదికి ఫోను వస్తుంది. అమ్మకు చెప్పు” అన్నాడు. సరేనన్నాను. మరచిపోయాను.

ఆ మరుసటి ఆదివారము నేను పక్క ఊరిలో ప్రార్థన కూటమునకు వెళ్ళాను. అమ్మ ఏడింటికి కూర్చుంది. ఫోను మోగలేదు. ఏడుంపావు, ఏడున్నర అయింది. ఎనిమిదికి పది నిమిషాలుందనగా మాత్ర వేసుకొని, ఫోను దిండు కింద పెట్టి పడుకుంది. మాత్ర మత్తులో ఎనిమిదికి వచ్చిన పిలుపు ఆమెకు వినిపించలేదు. అక్కడ తమ్ముడు మూడుసార్లు, నాలుగుసార్లు చేసి, అమ్మకు ఏదో అయిందని భయపడి, ఆ దినము ఆరాధనకే వెళ్ళలేకపోయాడు. నా ఫోను కూటములో నోరు మూసుకొని ఉంది. తొమ్మిది దాటి నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ మేలుకొని, “వాడికి నేను బరువైపోయానేమోరా” అన్నది.

తెల్లవారి నిజము చెప్పాను. అమ్మ కాసేపు నా ముఖము చూసి, “ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు గడియారము చూడడము నేర్పావు గదరా” అన్నది. అంతకంటే ఎక్కువ అనలేదు. ఉపాధ్యాయ శిక్షణలో అట్టముక్కతో గడియారము చేసి, పెద్ద ముల్లు, చిన్న ముల్లు తిప్పి చూపించినవాడిని నేను. కాని ఒక్క ముల్లు జరిగితే ఒక తల్లి మనస్సు ఎంత జరుగుతుందో ఆ పాఠములో లేదు. ఈ అనుభవము వెలుగులో మూడు సంగతులను మీతో కలిసి ధ్యానించగోరుతున్నాను.

1. గడియారము మనుష్యుని ఏర్పాటు

సూర్యచంద్రులను కాలములకు గుర్తులుగా దేవుడు నియమించినట్లు ఆదికాండము మొదటి అధ్యాయములో చదువుతాము. గడియారమును మాత్రము దేవుడు చేయలేదు. ప్రభువు ఈ లోకములో నడిచిన దినములలో పగటిని పన్నెండు గంటలుగా పంచుకొనేవారు. యోహాను 11:9లో ప్రభువు ఆ లెక్కనే శిష్యులకు గుర్తు చేశాడు. పగలు పెరిగితే గంట కూడా పెరిగేది, పగలు తగ్గితే గంటా తగ్గేది. యెరూషలేములో వేసవి గంట మన లెక్కలో సుమారు డెబ్బై నిమిషాలు, చలికాలపు గంట యాభై నిమిషాలు. మన పెద్దలు కూడా జాములతో, గడియలతో, బారెడు పొద్దెక్కిందనే మాటతో బ్రతికినవారే.

దేశానికంతా ఒకే గంట అనేది మనకు క్రొత్త సంగతి. ఒకప్పుడు రైళ్ళు మద్రాసు టైము ప్రకారము నడిచేవి. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలము వచ్చింది. దాని లెక్క 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మీద ఆధారపడింది. ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీలు తెలుగువారి మధ్య పని ప్రారంభించిన పట్టణమది. మా హరూరు దానికి పడమరగా ఉన్నది గనుక, సూర్యుని లెక్కలో మేము గడియారము కంటే సుమారు పదహారు నిమిషాలు వెనుక ఉంటాము. ఆ తేడా మాకు ఎన్నడూ బాధ కాలేదు.

మన దేశములో గడియారమును జరపలేదనుకొంటారేమో, జరిపారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు, దేశమంతటా ఒక గంట ముందుకు పెట్టారు. జనవరి నెలలో ఇక్కడ ఆరూ నలభైకి పొడిచే పొద్దు ఆ గడియారము ప్రకారము ఏడూ నలభైకి పొడిచింది. యుద్ధము ముగిసింది, ముల్లు తన చోటికి వచ్చింది. మరల ఆ అవసరము రాలేదు. కారణము సులభము. హరూరులో అతి పొడుగైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర కూడా లేదు. ఉత్తర దేశముల సంగతి వేరు. లండనులో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, జూను పగలు పదహారున్నర గంటలు ఉంటుంది. వేసవిలో జనము నిద్రలో ఉండగానే వెలుతురు వృథా అవుతున్నదని అక్కడ ఇళ్ళు కట్టించే విలియం విల్లెట్ అనే ఆయన 1907లో ఒక చిన్న పుస్తకము ప్రచురించి, గడియారాలు ముందుకు జరపాలని వాదించాడు. 1915లో ఆయన మరణించాడు. మరుసటి సంవత్సరమే యుద్ధములో బొగ్గు పొదుపు కొరకు జర్మనీ, ఆ వెంటనే బ్రిటను ఆ పని చేశాయి. అమెరికా 1918లో చేసింది. అక్కడి రైతులు దానిని గట్టిగా ఎదిరించగా 1919లో రద్దయింది, తరువాత మరల వచ్చింది. రైతు బాధ మనకు తెలియనిది కాదు. ప్రభుత్వము ఏ ఉత్తర్వు వేసినా పాలిచ్చే గేదె తన వేళ మార్చుకోదు, గడ్డి మీద మంచు ఎండ వస్తేనే ఆరుతుంది.

కాబట్టి గడియారము మార్పు పాపమూ కాదు, పరిశుద్ధమూ కాదు. మనుష్యులు తమ సౌకర్యము కొరకు చేసుకొన్న ఒడంబడిక. దానికి లోబడుదాము. దానిని దేవుని నియమముతో సమానము చేయవద్దు.

2. ప్రేమ ఎదుటివాని గంటను లెక్కపెడుతుంది

దానియేలు గ్రంథము 9:21 గమనించండి. దానియేలు బబులోనులో ఉన్నాడు. యెరూషలేములో దేవాలయము కాలిపోయి ఎన్నో ఏళ్ళయింది. అక్కడ బలి లేదు, బలిపీఠము లేదు. అయినా గబ్రియేలు దూత తన యొద్దకు వచ్చిన వేళను చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ ముసలి భక్తుడు సాయంకాలపు బలి అర్పించే వేళ అని వ్రాశాడు. ఒంటితో అతడు పనిచేసినది బబులోను గంటలో, రాజుల కొలువులో. ప్రార్థనలో మాత్రము అతడు తన ప్రజల గంటలో ఉన్నాడు.

ప్రవాసములో ఉన్న ప్రియులారా, మీరూ రెండు గంటలలో బ్రతుకుతున్నారు. ఆ రెండింటికీ మధ్య దూరము సంవత్సరమంతా ఒకటిగా ఉండదు. దుబాయి, కువైటు, సింగపూరులలో ఉన్నవారికి ఈ చిక్కు లేదు. దక్షిణాఫ్రికాలో ఉన్నవారికీ లేదు. 1903లో నెల్లూరు ప్రాంతము నుండి నాటాలుకు వెళ్ళిన జాన్ రంగయ్యగారి పరిచర్య ఫలముగా అక్కడ నిలిచిన మన సంఘములకు భారతదేశముతో తేడా ఎల్లప్పుడూ మూడున్నర గంటలే. లండను మాత్రము మనకు వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలములో అయిదున్నర గంటలు వెనుక. న్యూజెర్సీ తొమ్మిదిన్నర, పదిన్నర. డల్లాసు పదిన్నర, పదకొండున్నర. సిడ్నీ మనకంటే ముందు. వారి ఋతువులు మనకు తలక్రిందులు గనుక అక్టోబరు నుండి ఏప్రిలు వరకు అయిదున్నర, మిగిలిన నెలలలో నాలుగున్నర. అమెరికావారు మార్చి రెండవ ఆదివారము, నవంబరు మొదటి ఆదివారము మారుస్తారు. బ్రిటనువారు మార్చి చివరి ఆదివారము, అక్టోబరు చివరి ఆదివారము మారుస్తారు. ఒక కొడుకు లండనులో, ఒక కూతురు డల్లాసులో ఉన్న తల్లిదండ్రులు ఆ మధ్య వారములలో ఎంత తికమకపడతారో ఆలోచించండి.

మార్పులన్నీ ఆదివారమే గనుక ఆ భారము సంఘము మీద కూడా పడుతుంది. 2024 మార్చి 31న బ్రిటనులో గడియారము ముందుకు జరిగిన దినమే ఈస్టరు. ముల్లు జరపడము మరచినవానికి సూర్యోదయ ఆరాధన ముగిసిన తరువాతే తెల్లవారింది. నవంబరులో మరచినవాడు ఒక గంట ముందుగా వచ్చి తాళము వేసిన తలుపు దగ్గర నిలబడతాడు. ఇది నవ్వుకోదగిన సంగతే. అయితే వసంతములో గంట నిద్ర తగ్గిన తరువాతి దినములలో గుండెపోటులు కొంత పెరుగుతున్నట్లు స్వీడను పరిశోధకులు 2008లో తెలిపారు. వృద్ధులను, రాత్రి డ్యూటీ చేసే నర్సు సహోదరీలను, పసిపిల్లల తల్లులను ఆ వారము సంఘము ప్రత్యేకముగా తలంచుకోవాలి. ఆలస్యముగా వచ్చినవారిని వెనక్కి తిరిగి కోపముగా చూడవద్దు.

ఇతరుల కార్యములను కూడా చూడమని ఫిలిప్పీ సంఘమునకు పౌలు వ్రాశాడు. ఎదుటివానికి ఇప్పుడు ఎన్ని గంటలైందో తెలుసుకోవడము కూడా ఆ ఆజ్ఞలోనిదే. మా ఇంట్లో ఆ ఆజ్ఞను మీరినది న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు కాదు. అతడు లెక్కపెట్టి ముందుగానే చెప్పాడు. తల్లితో ఒకే కప్పు కింద ఉన్న నేను మీరాను. దగ్గర ఉన్నవారమని నిర్లక్ష్యము చేయవద్దు.

3. తిరిగి వచ్చిన గంటను ఏమి చేశాము?

ఇక మన వాక్యభాగము. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగము కలిగింది. అతడు గోడ తట్టు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు అతనికి పదిహేను సంవత్సరముల ఆయుస్సు అనుగ్రహించి, దానికి గుర్తుగా ఆహాజు కట్టించిన మెట్ల మీద నీడను పది మెట్లు వెనక్కి మళ్ళించాడు. ప్రభుత్వములు ముల్లును జరుపుతాయి. నీడను జరపగలవాడు దేవుడొక్కడే.

అయితే తరువాతి అధ్యాయము కూడా చదవాలి. స్వస్థపడిన హిజ్కియా ఏమి చేశాడు? బబులోను నుండి వచ్చిన దూతలకు తన ఖజానా అంతా తెరిచి చూపించి అతిశయించాడు. ఇవన్నీ ఒక దినము బబులోనుకు కొనిపోబడునని యెషయా చెప్పినప్పుడు, తన దినములలో సమాధానముంటే చాలునని తృప్తిపడ్డాడు. రాజులు రెండవ గ్రంథము 21వ అధ్యాయము చూడండి. అతని తరువాత రాజైన మనష్షేకు అప్పుడు పన్నెండేళ్ళు. అంటే ఆ పదిహేనేళ్ళలోనే పుట్టినవాడు. ఆ పిల్లవాడు పెరిగి యూదాను విగ్రహములతో నింపాడు. కన్నీళ్ళతో అడిగి పొందిన కాలము ఇలాగు ఖర్చయింది.

నవంబరులో ఒక గంట ఊరకే వచ్చిందని ఆ దేశములలో పిల్లలు సంతోషిస్తారు. అది మార్చిలో తీసుకొన్న అప్పు తీర్చడమే, క్రొత్తగా చేరినదేమీ లేదు. అయినా ఆ ఒక్క రాత్రి ఒక గంట చేతికి వచ్చినట్లు ఉంటుంది. దానితో ఏమి చేస్తాము? 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లవారకముందే ఎక్కి మోకరించారు. ఆ అయిదుగురు ప్రార్థనలో గడిపిన ఆ ఉదయమును మన సంఘములు నేటికీ జ్ఞాపకము చేసుకొంటున్నాయి. 1878 జూలై 3న వెలంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ ఉదయము కొండ ఎక్కినవారు చూసినది ఒక్క సూర్యోదయమే.

మా ఇంటి సంగతి ముగించాలి. ఆ నవంబరు తరువాత వచ్చిన ఫిబ్రవరిలో అమ్మ ప్రభువునందు నిద్రించింది. లెక్కపెట్టి చూస్తే, ఆ చలికాలములో ఆమెకు మిగిలినవి పద్నాలుగు ఆదివారములు. వాటిలో ఒకటి నా మరపు వల్ల పోయింది. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆ సాయంత్రమును ఏ ప్రభుత్వమూ నాకు వెనక్కి జరిపి ఇవ్వలేదు. క్షమాపణ దొరికింది, అందుకు ప్రభువుకు స్తోత్రము. గంట మాత్రము దొరకలేదు.

కాబట్టి సంఘ పెద్దలకు ఒక మనవి. మార్పు దినమునకు ముందు రెండు ఆదివారములు వేదిక మీద నుండి ప్రకటన చేయండి. స్వదేశములో ఉన్న తల్లిదండ్రులకు వారి గంటలో చెప్పండి, మీ గంటలో కాదు. “మీకు రాత్రి ఎనిమిదికి” అంటే వారికి అర్థమవుతుంది. వినికిడి లేనివారికి గోడ మీద కాగితము అంటించమని దగ్గర ఉన్నవారిని అడగండి. ఇక్కడ ఉన్న మనము, పిలుపు ఆలస్యమైతే ముందు గడియారమును అనుమానించుదాము, బిడ్డల ప్రేమను కాదు.

ప్రార్థన: మా కాలములన్నిటికీ యజమానుడవైన తండ్రీ, నీ యెదుట తూర్పు పడమరలకు తేడా లేదు, నిన్ను ఏ వేళ పిలిచినా అది నీకు వేళయే. మేము ఒకరి కొరకు ఒకరము కనిపెట్టే గడియలను వృథా చేయకుండ మాకు జ్ఞాపకశక్తిని, ప్రేమను దయచేయుము. ఈ రాత్రి ఫోను కొరకు ఎదురుచూస్తున్న ప్రతి తల్లినీ ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.