వంటయింటి ఇండెంటు

ఇప్పుడు వంటయింటిలోనికి వచ్చు పరికరములలో కొన్నిటికి ‘స్మార్టు’ అను విశేషణము తగిలించి అమ్ముచున్నారు. కుక్కరు ఫోనునకు వార్త పంపును. పొయ్యి తనంతట తానే వేడిని హెచ్చించుకొనును, తగ్గించుకొనును. రెఫ్రిజిరేటరు తలుపు తెరువకయే లోపల నేమున్నదో తెరపై చూపును. ఇట్టివి కొనదగునా, కొనదగదా యను ప్రశ్న కళుగుమలై, కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలోని మన తెలుగిండ్లయందును నేడు వినవచ్చుచున్నది. చూచుటకిది ధరకు సంబంధించిన ప్రశ్న. మాకు మాత్రము ధర్మమునకు సంబంధించినదిగా తోచుచున్నది.

మేము జీవితమున అధికభాగమును గుమాస్తా బల్ల ముందు గడిపినవారము. ఆఫీసులో ఒక బీరువా కొనవలెనన్నను ముందుగా ఇండెంటు కావలెను. ఆ వస్తువుతో పని చేయువారే దానిని వ్రాయుదురు. అవసరమేమో, ఉన్నది ఏల చాలదో చెప్పుదురు. పైవారు మంజూరు చేయుట అటుపిమ్మటి మాట. వంటయింటి విషయమున ఈ క్రమము తలక్రిందులైనది. పని చేయు చేయి ఒకటి, డబ్బు తీయు చేయి మరియొకటి. ఇండెంటు మాత్రము ఏనాడును వ్రాయబడలేదు.

మన కరిసల్ నేలనెరిగిన వారికి దీనిని వివరింప నక్కరలేదు. సజ్జలు దంచుట, జొన్నలు విసరుట, ఇడ్లీపిండి రుబ్బుట, ఇవన్నియు ఆడువారి నడుముల మీదుగనే జరిగినవి. తెల్లవారుజామున రోకటిపోటు వినుట పల్లెకొక శోభ యని వ్రాసినవారు కలరు. రోకలి పట్టినవారెవరును అట్లు వ్రాసినట్లు మేమెరుగము. 1955లో కోయంబత్తూరున పి. సభాపతి గారు విద్యుత్తుతో నడచు రుబ్బురోలును రూపొందించిరి. చేతితో రుబ్బునపుడు రోలు కదలదు, పొత్రము తిరుగును. ఆ యంత్రమున పొత్రము నిలిచియుండ రోలే తిరుగును. రాయి రాయిగనే యున్నది. పిండి రుచి పోలేదు, భుజముల నొప్పి పోయినది. అయినను అది సామాన్యుల యిండ్లకు చేరుటకు ఎన్నో దశాబ్దములు పట్టినది. “గ్రైండరు పిండి మాకు సహింపదు, రుబ్బుట శరీరమునకు మంచి వ్యాయామము” అని అరుగు మీద కూర్చుండి తీర్పు చెప్పిన పెద్దలను మేమును చూచితిమి. ఆ వ్యాయామమును వారిలో నొక్కరును చేయలేదు. 2011లో తమిళనాడు ప్రభుత్వము మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితముగా నిచ్చు పథకమును ఆరంభించినది. ఉచితముల మంచిచెడ్డలపై వాదము వేరు, దానినిచట ఎత్తము. ఆ వస్తువులను స్త్రీల పేరిట నిచ్చుట మాత్రము మా మనస్సునకు నచ్చినది. ఏండ్ల తరబడి వ్రాయబడని ఇండెంటు అట్లు మంజూరైనది.

కనుక “మన పూర్వులు యంత్రములు లేకయే బ్రదుకలేదా?” అను వాదమును మేమంగీకరింపము. పూర్వులలో సగము మంది దంచిరి, తక్కిన సగము తినిరి. నిరాడంబరత గొప్ప గుణమే; తన నడుముతో ఆచరించువారికే దానిని బోధించు అధికారము కలదు.

అట్లని స్మార్టు అను పేరు గల ప్రతి వస్తువును తెచ్చుకొనవలెనా? ఇచట మరియొక లెక్క చూడవలెను. గ్రైండరు బరువును తీసికొన్నది. ఈ క్రొత్తవి ఏమి తీసికొనుచున్నవి?

సాధారణమైన విద్యుత్ కుక్కరును చూడుడు. జపానున తోషిబా సంస్థ దీనిని అమ్మకమునకు తెచ్చినది కూడ 1955లోనే. నేడు మన యిండ్లలో నున్నదానిలో నీరున్నంతవరకు గిన్నె వేడి 100 డిగ్రీల దరిదాపులనే యుండును. నీరింకగానే వేడి పైకెగయును. దానిని పసిగట్టి మీట పడిపోవును. ఇది తెలివి కాక మరేమి? దానికి ఫోను లేదు, అంతర్జాలము లేదు, దూరదేశపు కంపెనీ అనుమతి నక్కరలేదు. చెడినచో బజారు వీధిలో బాగుచేయువాడు దొరకును.

దీని ప్రక్క మరియొక యంత్రమును నిలుపుదము. అమెరికాలో 2016లో జ్యూసెరో అను పండ్లరసపు యంత్రము 699 డాలర్లకు అమ్మకమునకు వచ్చినది. కంపెనీవారమ్ము రసపు సంచులను మాత్రమే అది పిండును, అదియు అంతర్జాలముతో సంబంధము కలిగి. 2017 ఏప్రిల్‌లో పత్రికా విలేఖరులు ఆ సంచిని రెండు చేతులతో పిండి చూపిరి. రసము చక్కగా వచ్చినది. ఆ సెప్టెంబరున కంపెనీ మూతపడినది. మా స్టాకు రిజిస్టరులో నైనచో అట్టి వస్తువునకు ‘నిరుపయోగము’ అని ఎఱ్ఱసిరాతో వ్రాసియుందుము.

బరువు కాక తెలివిని తీసికొను యంత్రముల మాట ఇంకను చిక్కైనది. మా కళుగుమలై కొండపై వెట్టువాన్ కోయిల్ కలదు. 8వ శతాబ్దమున పాండ్యుల కాలమున ఒకే రాతిని పైనుండి క్రిందికి తొలిచిన ఆలయమది, అసంపూర్తిగా నిలిచినది. చెక్కి తీసిన రాతిముక్కను మరల నతికింప వీలులేదు. కూరలో వేసిన ఉప్పును గూడ తిరిగి తీయ వీలులేదు. ఎంత వేయవలెనో చేతికి తెలియుట యెట్లు? పలుమారులు చెడగొట్టుట చేతనే. ఇప్పుడు తెరపై వచ్చు ఆజ్ఞను బట్టి పప్పు పోసి, ఆజ్ఞను బట్టి మూత తీయుచు వంట నేర్చు పిల్లకు, పిల్లవానికైనను, ఆ చేయి ఎప్పుడు వచ్చును? రోజంతయు ఉద్యోగము చేసి వచ్చిన స్త్రీ “నాకు చేతివాసి వలదు, గంటసేపు విశ్రాంతి చాలు” అన్నచో దానికి మా యొద్ద ప్రత్యుత్తరము లేదు. ఆమె ఇండెంటు న్యాయమైనదే.

మా ఎరుకలోని ఒక వృద్ధురాలు ఒంటరిగా నున్నది. దూరనగరమున నున్న కుమారుడు, పొయ్యి కట్టుట మరచుచున్నదని భయపడి, ఫోనుతో సంబంధము గల ఇండక్షన్ పొయ్యి నమర్చినాడు. అది వెలిగినపుడు అతనికి వార్త పోవును, కొంతసేపటికి తానే ఆరును. తల్లి యొక్కనాడు మాతో అన్నది: “పొయ్యి మండింది వాడికి తెలుస్తాది నాయనా, నేను తింటినో లేదో దానికేం తెలుసు? మునుపు రోజూ రాత్రి ‘తిన్నావా అమ్మా?’ అని ఫోన్ చేస్తా ఉండె. ఇప్పుడు ఆదివారమే చేస్తాడు.”

పిల్లవాడు చెడ్డవాడు కాడు. పొయ్యి తానే ఆరుట ఆమె ప్రాణమునకు రక్ష. అది మాకు సమ్మతము. ఆ సుగుణమునకు ఫోనుతో పని లేదు. ఫోనునకు వార్త పోవుట కుమారుని నెమ్మదికై. దానికి మూల్యము చెల్లించినది తల్లి. ఆ పొయ్యికి ఇండెంటు ఎవరు వ్రాసిరి? ఆమెను అడిగినవారు లేరు. ఈ విషయమును మేమతనికి ఉత్తరమున వ్రాసితిమి. రాత్రి పలకరింపు మరల మొదలైనదని విన్నాము.

వచ్చు పొంగలికి బేరములు పెట్టుకొని దుకాణములకు పోవువారు అమ్మువానిని ఒక మాట అడుగవలెనని మా మనవి: “అంతర్జాలము లేనినాడు, ఈ కంపెనీయే లేనినాడు, ఇది అన్నము వండునా?” అతడు పెట్టెపై నున్న అక్షరములను వెదకుచుండగా, వెంట వచ్చిన ఇల్లాలి ముఖము వైపు తిరిగి, ఆమెకు కావలసినది అసలు ఈ అరలోనే యున్నదా అని అడుగుడు. నీళ్ల కుళాయి వంటయింటిలోనికి రావలెనని ఆమె పదేండ్లుగా చెప్పుచుండవచ్చును.